నిలవ చేయరాని సంపద

లండను నగర వీథులలో ఒకప్పుడు తిరిగిన ఎర్రని రెండంతస్తుల బస్సుకు సిబ్బంది ఇద్దరు. ముందుభాగాన చిన్న గదివంటి అరలో చక్రం పట్టుకొని కూర్చున్నవాడు డ్రైవరు. అతడు ఉదయం ఎక్కి కూర్చున్నాడంటే పనివేళలో పదింట తొమ్మిది వంతులు ఆ పీఠాన్ని వదలడు. వెనుకవైపు డబ్బుల సంచీ భుజాన వేసుకొని నిలిచినవాడు కండక్టరు. క్రింది అంతస్తులో టిక్కెట్లు ఇచ్చి, పై అంతస్తుకు ఎక్కి, అక్కడివారి వద్ద చార్జీ వసూలు చేసి, మరల క్రిందికి దిగుతాడు. ఈ విధంగా ఒక్క పనిదినంలో అతడు తొక్కే మెట్లు 500 మొదలు 750 వరకు ఉండేవి. ఇద్దరూ ఒకే సంస్థలో పనివారు. ఒకే వీథుల పొగను పీల్చేవారు. వారి ఇండ్లూ, భోజనమూ, సాంఘిక స్థితీ ఇంచుమించు ఒకటే. అయినా వారిలో ఒకని గుండె రెండవవాని గుండెకంటె ముందుగా దెబ్బతినేది. ఆ గుండె ఎవరిది?

ఈ ప్రశ్న అడిగితే లోకంలో పలువురు కండక్టరుదేనని చెప్పి ఉండేవారు. బండిచక్రం ఎంత తిరిగితే అంత అరుగుతుంది. కత్తి ఎంత నూరితే అంత సన్నగిలుతుంది. దినమంతా మెట్లెక్కి దిగేవాని గుండె త్వరగా అరిగిపోక ఏమవుతుంది? కూర్చుండి పని చేసేవాడు అదృష్టవంతుడనీ, కాయకష్టం చేసేవాడు ఆయుర్దాయాన్ని వెచ్చిస్తున్నాడనీ అనుకోవడం మానవులకు చిరకాలంగా అలవాటు. ఇంట్లో కాస్త కలిమి కలగగానే మొదట మానుకునేది నడక. పిల్లవాడు చదువులో ముందుకు రావాలనుకోగానే మొదట తగ్గించేది ఆట. ఈ అలవాటు వెనుక ఉన్నది ఒకే ఒక నమ్మకం: దేహం కూడ ఒక యంత్రమే, వాడకుండా ఉంచితే అది నిలవ ఉంటుంది అని.

ఆ నమ్మకాన్ని లెక్కలతో పరీక్షించినవారు లండనులోని వైద్యశాస్త్రజ్ఞులు.

బస్సు చెప్పిన లెక్క

జెరిమీ మారిస్ అనే వైద్యుడు 1910లో లివర్‌పూల్‌లో జన్మించి గ్లాస్గో నగరంలో పెరిగినాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనిక వైద్యదళంలో చేరి భారతదేశంలో కూడ పని చేసినాడు. యుద్ధం ముగిసిన తరువాత, 1948లో, బ్రిటిషు వైద్య పరిశోధనా మండలి సాంఘిక వైద్యం కొరకు ఒక శాఖను నెలకొల్పి దానిని అతనికి అప్పగించింది. ఆ కాలంలో బ్రిటనులో గుండెపోటు మరణాలు ఏటేటా పెరుగుతున్నాయి. కారణం ఎవరికీ స్పష్టంగా తెలియదు. మారిస్ బృందం ఒక మార్గం ఎంచుకున్నది. ప్రయోగశాలలో కూర్చుండి ఊహించడం కాక, వేర్వేరు వృత్తులవారిని పోల్చి, ఏ వృత్తిలో ఈ వ్యాధి ఎక్కువ, ఏ వృత్తిలో తక్కువ అని లెక్క వేయడం ఆ మార్గం.

1949లో మొదలైన ఈ పరిశీలనలో లండను రవాణా సంస్థకు చెందిన సుమారు 31,000 మంది పురుషుల వివరాలు చేరినాయి. వారందరూ 35 మొదలు 64 సంవత్సరాల వయస్సు కలవారు. లెక్కలు తేలిన తరువాత కనిపించిన విషయం ఇది. గుండెపోటు తొలిసారిగా వచ్చినవారు ఏడాదికి వేయిమంది డ్రైవర్లలో 2.7 మంది కాగా, వేయిమంది కండక్టర్లలో 1.9 మంది మాత్రమే. అంతే కాదు. కండక్టర్లకు వ్యాధి వచ్చినా అది కొంత ఆలస్యంగా, కొంత మెత్తగా వచ్చేది. పోటు వచ్చిన కొద్దికాలంలోనే మరణించడం డ్రైవర్లలో ఎక్కువ. అనగా మెట్లెక్కినవాని గుండె అరిగిపోలేదు. కూర్చున్నవాని గుండెయే ముందు దెబ్బతిన్నది.

ఇక్కడ మారిస్ తొందరపడలేదు. విద్యార్థులు గమనించవలసిన గుణం ఇదే. కోరిన జవాబు దొరకగానే చాటింపు వేయడం శాస్త్రం కాదు. డ్రైవరు పని మనస్సుకు ఒత్తిడి కలిగించేది. నగర రద్దీలో బస్సు నడపడం సామాన్యం కాదు. గుండెకు చేటు చేసినది కూర్చోవడం కాక ఆ ఆందోళనయే కావచ్చును గదా? ఈ సందేహం తీరడానికి అతడు తపాలా శాఖ లెక్కల కొరకు వేచినాడు. అక్కడ ఒకవైపు ఉత్తరాలు మోసుకొని కాలినడకను, సైకిలు మీద వీథివీథి తిరిగే పోస్టుమన్లు ఉన్నారు. మరొకవైపు బల్లల ముందు కూర్చుండి పనిచేసే గుమాస్తాలు, టెలిఫోను ఉద్యోగులు ఉన్నారు. బస్సు చక్రం పట్టవలసిన ఆందోళన వీరిలో ఎవరికీ లేదు. అక్కడ కూడ ఫలితం అదే తీరుగా వచ్చింది. తిరిగేవారికి వ్యాధి తక్కువ, కూర్చునేవారికి ఎక్కువ. అప్పుడు గాని, 1953 నవంబరులో గాని, ఈ ఫలితాలు 'లాన్సెట్' వైద్యపత్రికలో వెలువడలేదు.

లాగూల కొలతలు

అయినప్పటికీ ఒక చిక్కు మిగిలి ఉన్నది. దృఢమైన దేహం కలవాడే కండక్టరు పనికి వెళ్ళి, స్థూలకాయుడు డ్రైవరు పనిని ఎంచుకొంటే? అప్పుడు తేడా మెట్ల వల్ల వచ్చినది కాదు, ముందే మనుషులలో ఉన్నది అవుతుంది. దీనిని పరీక్షించడానికి మారిస్ బృందం చేసిన పని తమాషా అయినది. రవాణా సంస్థ తన పనివారికి యూనిఫారం దుస్తులు కుట్టించి ఇచ్చేది. కుట్టుకొలతలన్నీ పుస్తకాలలో నమోదై ఉన్నాయి. పరిశోధకులు ఆ పుస్తకాలు తిరగవేసి లాగూల నడుము కొలతలు పోల్చినారు. డ్రైవర్ల నడుములు కండక్టర్ల నడుములకంటె లావుగా ఉన్నవని తేలింది. ఈ సంగతిని వారు దాచుకోలేదు. తమ వాదానికి కొంత అడ్డు వచ్చేదే అయినా, 1956లో అదే పత్రికలో దానిని తామే ప్రకటించినారు. తరువాతి పరిశీలనలలో స్థౌల్యం వల్ల కలిగే తేడాను లెక్కకట్టి చూచినప్పటికీ కండక్టర్ల మేలు పూర్తిగా మాసిపోలేదు.

వృత్తిని బట్టి వచ్చిన ఈ ఫలితం కాలక్రమాన మరొక ప్రశ్నకు దారి తీసింది. దేశంలో బల్లముందు కూర్చుండి చేసే పనులు పెరుగుతున్నాయి. అందరూ కండక్టర్లు కాలేరు. మరి కూర్చుండి పనిచేసేవాడు తీరికవేళలో వ్యాయామం చేస్తే ఫలితం కలుగుతుందా? 1968 నుండి మారిస్ బృందం బ్రిటిషు ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేసే నడివయస్సు పురుషులను, సుమారు 17,000 మందిని, పరిశీలించడం ఆరంభించింది. సోమవారం ఉదయం ఆఫీసుకు వచ్చిన ఉద్యోగికి ముందు తెలియకుండా ఒక కాగితం ఇచ్చి, గడచిన శుక్ర, శనివారాలలో ఏయే పని ఎంతసేపు చేసినదీ వ్రాయమనేవారు. తరువాత వారి ఆరోగ్యాన్ని ఏండ్ల తరబడి కనిపెట్టినారు. 1973లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ఈత, వడిగల నడక, తోటలో గట్టిగా త్రవ్వడం వంటి శ్రమ చేసినవారికి గుండెజబ్బు సోకే ప్రమాదం ఇతరులతో పోలిస్తే మూడవ వంతు మాత్రమే. ఊరకే పెరట్లో పచార్లు చేసినందువల్ల అంతటి మేలు కలగలేదు. ఊపిరి కొంత వడిగా ఆడేటంతటి శ్రమ ఉండాలి.

నిన్నటి ఆట నేటికి రాదు

ఇంతకంటె ముఖ్యమైన పాఠం ఒకటి అమెరికా నుండి వచ్చింది. రాల్ఫ్ పాఫెన్‌బర్గర్ అనే శాస్త్రజ్ఞుడు హార్వర్డు విశ్వవిద్యాలయంలో చదివి బయటకు వెళ్ళిన పూర్వవిద్యార్థులు 16,936 మందిని పరిశీలించినాడు. కళాశాలలో వారి ఆటల వివరాలు పాత రికార్డులలో ఉన్నాయి. నడివయస్సులో వారు ఏమి చేస్తున్నారో 1962 నుండి పంపిన ప్రశ్నాపత్రాల వల్ల తెలిసింది. రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూడగా 1978లో వెలువడిన ఫలితం పలువురిని ఆశ్చర్యపరిచింది.

కళాశాల జట్టులో పేరుపొంది, ఆ తరువాత ఆట మాని కూర్చున్నవానికి ఆ పాత కీర్తి ఏమాత్రం రక్ష కాలేదు. చదువుకునే రోజులలో మైదానం వైపు కన్నెత్తి చూడనివాడు కూడ, తరువాతి కాలంలో నడక, మెట్లెక్కడం, ఆటలు అలవరచుకొంటే, వానికి మేలు కలిగింది. వారానికి 2,000 కెలోరీల శక్తి ఇటువంటి శ్రమలో వెచ్చించినవారితో పోలిస్తే అంతకంటె తక్కువ వెచ్చించినవారికి గుండెపోటు ప్రమాదం 64 శాతం అధికం. ఇతరులకు చెప్పిన ఈ మాటను పాఫెన్‌బర్గర్ తన విషయంలోనూ పాటించినాడు. నలభై అయిదవ ఏట పరుగు ప్రారంభించి మారథాను పందెాలలో పాల్గొన్నాడు.

పాఠశాలలో కప్పులు గెలుచుకొన్న పెద్దమనిషి గోడమీద ఫోటో చూపి తన దేహదార్ఢ్యాన్ని గూర్చి చెప్పుకోవడం తరచుగా వినవచ్చే ముచ్చటయే. ఆ ఫోటో జ్ఞాపకానికి పనికివస్తుంది గాని గుండెకు పనికిరాదు. ధనం బ్యాంకులో వేస్తే నిలిచి వడ్డీతో పెరుగుతుంది. విద్య మనస్సులో నిలుస్తుంది. వ్యాయామఫలం ఈ రెండింటి వంటిది కాదు. అది చెలమలోని నీటివంటిది. ఏ రోజు నీరు ఆ రోజు తోడుకోవలసిందే. తోడినకొద్దీ ఊరుతుంది. తోడడం మానితే పూడుకొని పోతుంది.

ఎంత త్వరగా పూడుకొని పోతుందో 1966లో అమెరికాలోని డల్లాస్ నగరంలో జరిగిన ఒక ప్రయోగం చూపించింది. ఆరోగ్యవంతులైన అయిదుగురు ఇరవై ఏండ్ల యువకులను మూడు వారాలపాటు మంచం దిగకుండా పడుకోబెట్టినారు. శ్రమించే వేళ దేహం అత్యధికంగా ఎంత ప్రాణవాయువును వినియోగించుకోగలదో ముందూ వెనుకా కొలిచినారు. ఇరవై దినాల విశ్రాంతితో ఆ శక్తి నాలుగవ వంతుకు పైగా పడిపోయింది. మంచం దిగిన తరువాత సుమారు ఎనిమిది వారాలపాటు వారిచేత కసరత్తు చేయించగా పోయిన శక్తి తిరిగివచ్చింది.

కథ అక్కడితో ముగియలేదు. ముప్ఫై ఏండ్ల తరువాత, 1996లో, అదే అయిదుగురిని వెదకి పట్టుకొని మరల పరీక్షించినారు. అప్పటికి వారి వయస్సు ఏబది. దేహాలు బరువెక్కినవి. కాని ముప్ఫై సంవత్సరాల వయస్సు వారి శక్తిని తగ్గించినదానికంటె, యౌవనంలో మూడు వారాల పడక తగ్గించినదే ఎక్కువ అని తేలింది. పిమ్మట వారు ఆరు నెలలపాటు క్రమంగా నడక, సైకిలు, పరుగు సాధన చేసినారు. ప్రాణవాయువు వినియోగించే శక్తి వారిలో 1966లో పడకకు ముందు ఉన్న స్థాయికి తిరిగి వచ్చింది. వార్ధక్యమని మనుషులు తలవంచి అంగీకరించే బలహీనతలో కొంతభాగం నిజానికి వార్ధక్యం కాదు, అది వాడకం లేకపోవడమే అన్న సంగతి ఈ ప్రయోగం వల్ల స్పష్టమయింది.

దేహంలో జరిగే పని

ఎందుకు ఇట్లా జరుగుతుంది? దేహాన్ని యంత్రంతో పోల్చడంలోనే పొరపాటు ఉన్నది. యంత్రం తనను తాను బాగుచేసుకోలేదు. దేహం చేసుకోగలదు. పైగా తనపై పడిన పనిని బట్టి తన్ను తాను మలచుకొంటుంది.

గుండె ఒక కండరం. క్రమంగా శ్రమ అలవడినప్పుడు అది ఒక్కొక్క స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. అందువల్ల విశ్రాంతివేళ తక్కువసార్లు కొట్టుకొన్నా చాలుతుంది. నిమిషానికి 70సార్లు కొట్టుకొనే గుండె దినానికి 1,00,800సార్లు కొట్టుకొంటుంది. అదే 60సార్లు అయితే 86,400. అనగా రోజుకు 14,400 స్పందనల పని ఆదా అవుతున్నది. విద్యార్థి ఈ గుణకారాన్ని పలకమీద వేసి చూచుకోవచ్చును. మెట్లెక్కినప్పుడు కొన్ని నిమిషాలపాటు ఎక్కువగా కొట్టుకొన్న గుండె, మిగిలిన ఇరవై మూడు గంటలలో ఆ వ్యయాన్ని రాబట్టుకొంటున్నది.

కండరాలలో సన్నని రక్తనాళాలు అధికమవుతాయి. రక్తపుపోటు తగ్గుముఖం పడుతుంది. పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను తనలోనికి లాగుకొంటుంది. ఇన్సులిన్ సహాయం అంతగా లేకున్నా ఆ పని జరుగుతుంది. వ్యాయామం ముగిసిన తరువాత కూడ ఒకటి రెండు దినాలవరకు ఇన్సులిన్ మాటను కండరాలు మునుపటికంటె బాగా వింటాయి. ఆపైన ఆ గుణం క్రమంగా సన్నగిల్లుతుంది. ప్రతిదినమూ, లేదా దినం విడిచి దినమైనా, వ్యాయామం చేయమని వైద్యులు చెప్పడంలో ఉన్న రహస్యం ఇదే. ఆదివారం నాడు ఒక్కసారిగా చేసిన కసరత్తు శనివారం వరకు కాపలా కాయదు.

ఎముక సంగతి కూడ అంతే. అది రాయివంటి జడపదార్థమని తోస్తుంది గాని, అది నిత్యం కరుగుతూ, నిత్యం కట్టబడుతూ ఉండే సజీవ పదార్థం. చిన్ననాటి నుండి టెన్నిసు ఆడేవారి చేతులను పరీక్షించగా, బ్యాటు పట్టే చేతి ఎముక రెండవ చేతి ఎముకకంటె మందంగా ఉన్నదని తేలింది. ఒకే దేహం, ఒకే ఆహారం. పని చేసిన చేయి బలపడింది. దీనికి ఎదురుగా, భారమంటూ ఎరుగని అంతరిక్షంలో నెలల తరబడి ఉన్నవారి తుంటి ఎముకలు నెలకు సుమారు ఒక శాతం వంతున క్షీణిస్తాయి. అందుకే అక్కడ వారు దినానికి రెండు గంటలు వ్యాయామానికి కేటాయించవలసి వస్తున్నది.

ఇక మనస్సు. దేహానికి శ్రమ కలిగిన రాత్రి నిద్ర గాఢంగా పడుతుందని పొలం పనిచేసేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. క్రమమైన వ్యాయామం దిగులును, ఆందోళనను తగ్గిస్తుందని ఆధునిక వైద్యులు కూడ అంగీకరిస్తున్నారు. పరీక్షల భయంతో రాత్రులు నిద్ర కాచే విద్యార్థికి, నూరు జవాబుపత్రాలు దిద్ది తలపట్టుకొన్న ఉపాధ్యాయునికి, ఒక అరగంట నడక చేసే ఉపకారాన్ని మరో కప్పు కాఫీ చేయజాలదు.

పొరుగూరి సాక్ష్యం

ఇవన్నీ సీమదేశాల ముచ్చటలు, చలిదేశపువారి దేహాలు వేరు అని తోసిపుచ్చడానికి వీలులేదు. పొరుగుననే ఉన్న చెన్నై నగరంలో జరిగిన పరిశోధన ఒకటి తెలుగువారికి మరింత దగ్గరిది. అక్కడి వైద్యులు మధుమేహం ఇంకా రాక, వచ్చే దారిలో ఉన్న 531 మందిని ఎంచుకొన్నారు. వారిని నాలుగు జట్లుగా విభజించినారు. ఒక జట్టుకు సామాన్యమైన సలహా మాత్రమే ఇచ్చినారు. మరొక జట్టుకు ఆహారంలో మార్పులు చెప్పి, కూర్చుండి పనిచేసేవారిని దినానికి అరగంటకు తగ్గకుండా వడిగా నడవమన్నారు. ఇంకొక జట్టుకు మందు, నాల్గవ జట్టుకు రెండూ ఇచ్చినారు.

2006లో ప్రకటించిన ఫలితాలను బట్టి మూడేండ్లలో మొదటి జట్టులో నూటికి 55 మందికి మధుమేహం వచ్చింది. ఆహారనియమం, నడక పాటించినవారిలో 39 మందికి మాత్రమే వచ్చింది. మందు తీసుకొన్నవారిలో ఇంచుమించు 40 మందికి వచ్చింది. రెండూ కలిపినా అంతకుమించిన మేలు కనిపించలేదు. ఇందులో ఆహారానికి ఎంత, నడకకు ఎంత అని విడదీయడం కష్టమే. అయినా, ఆ రెండూ కలిసి మందుతో సమానంగా నిలిచినవి. మందుకు వెల ఉన్నది. నడకకు లేదు.

మితం తప్పరాదు

ప్రాచీన భారతీయ వైద్యులకు ఈ విషయం అపరిచితం కాదు. వ్యాయామం వల్ల దేహానికి తేలికదనం, పనిచేసే సామర్థ్యం, జఠరాగ్ని దీప్తి, క్రొవ్వు తగ్గుదల, అవయవాలకు పొంకం కలుగుతాయని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పినాడు. అంతటితో ఆగక ఒక హద్దు కూడ విధించినాడు. బలవంతుడు సైతం తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలి. అదీ చలికాలంలోను వసంతంలోను. తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించుకోవాలి. అతివ్యాయామం వల్ల దప్పిక, దగ్గు, జ్వరం, అలసట వంటి బాధలు పుడతాయని చరకసంహిత హెచ్చరించింది. మే నెల ఎండలో పిల్లలను మైదానం చుట్టూ పరుగెత్తించే వ్యాయామోపాధ్యాయుడు ఈ హెచ్చరికను గుర్తు పెట్టుకోవడం మంచిది.

నేటి శాస్త్రం చెప్పే కొలత కూడ అసాధ్యమైనది కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారం పెద్దవారికి వారానికి 150 మొదలు 300 నిమిషాల మధ్యమ శ్రమ అవసరం. అనగా వారంలో అయిదు దినాలు అరగంట చొప్పున వడిగా నడిస్తే కనీసపు హద్దు చేరినట్టే. దానికి తోడు వారానికి రెండుసార్లు కండరాలకు బలం కలిగించే కసరత్తు ఉండాలి. అయిదు మొదలు పదిహేడేండ్ల పిల్లలకు దినానికి సగటున ఒక గంట ఆట అవసరం. బొత్తిగా చేయనివాడు కొంచెం చేసినా ఆ కొంచెానికే ఫలం ఉన్నదని కూడ ఆ సంస్థ చెప్పింది. ఎంతోకాలంగా కదలనివారు కొద్దికొద్దిగా ఆరంభించాలి. గుండెజబ్బు కలవారు, నడకలో ఛాతీనొప్పి కనిపించేవారు ముందుగా వైద్యుని సలహా పొందాలి. వ్యాయామం చేసేవానికి రోగమే రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. లండను కండక్టర్లకూ గుండెపోటు వచ్చింది. కాని తక్కువమందికి వచ్చింది.

బడిలో గంట కొట్టేవేళ

ఈ పాఠం అన్నింటికంటె ముందు చేరవలసిన చోటు పాఠశాల. కాలపట్టికలో ఆటల పీరియడు లేని బడి అరుదు. పరీక్షలు దగ్గరపడగానే ఆ పీరియడు లెక్కలకో, ఇంగ్లీషుకో బదిలీ కాని బడి అంతకంటె అరుదు. అప్పు తీసుకొన్నవారు దానిని తిరిగి చెల్లించడం ఎవరూ చూచి ఉండరు. ఆటగంట పోయినందువల్ల మార్కులు పెరిగినవా లేదా అని విచారించేవారూ లేరు. బాలికల సంగతి మరింత విచారకరం. తొక్కుడుబిళ్ళ, తాడాట ఆడుతూ గెంతిన పిల్ల కాస్త ఎదగగానే ఆమెను అరుగుమీదనే కూర్చోమంటారు. ఎముకలు గట్టిపడవలసిన వయస్సు సరిగా అదే. ఆ వయస్సులో కూడబెట్టుకోని ఎముకబలాన్ని ముసలితనంలో ఎక్కడినుండీ తెచ్చుకోవడానికి వీలులేదు. కూడబెట్టినదాన్నైనా తరువాత వాడుతూ కాపాడుకోవలసిందే.

దీనికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. చెడుగుడుకు కావలసినది గీత ఒక్కటే. దండాలకు, బస్కీలకు తన దేహపు బరువే సాధనం. కోతికొమ్మచ్చికి ఒక చెట్టు చాలు. బడి రెండు ఫర్లాంగుల దూరంలో ఉంటే పిల్లవానిని మోటారుసైకిలు మీద దింపనక్కరలేదు. వీటన్నింటికీ మించినది ఉపాధ్యాయుని ఆదర్శం. తాను కుర్చీలో కూర్చుండి, చేతిలో ఈల పట్టుకొని పిల్లలను ఆడమనే గురువుకంటె, పైపంచె నడుముకు బిగించి వారితోపాటు గీత దాటే గురువు మాట ఎక్కువ దూరం పోతుంది. తాను నేర్పిన పద్యాలను పిల్లవాడు మరచిపోవచ్చును. సాయంకాలం తనతో నడిచిన నడకను మరచిపోడు.

లండను వీథులలో మెట్లెక్కే కండక్టరు నేడు కనిపించడు. 2005 డిసెంబరులో పాత రకపు బస్సులను సాధారణ మార్గాలనుండి ఉపసంహరించుకోవడంతో ఆ వృత్తి ఇంచుమించు ముగిసింది. జెరిమీ మారిస్ ఆ తరువాత నాలుగేండ్లు జీవించి, 2009 అక్టోబరులో తన నూరవ ఏట కన్నుమూసినాడు. వ్యాయామం మేలు చేస్తుందని లెక్కలతో చూపిన ఆ వైద్యుడు తొంభై దాటిన తరువాత కూడ ఈత మానలేదు.

ఆ కండక్టరు ఆరోగ్యం కొరకు మెట్లెక్కలేదు. టిక్కెట్లు ఇవ్వడానికి ఎక్కినాడు. అతని పనియే అతనికి వ్యాయామమయింది. నీరు తోడే బావి, దంచే రోలు, నడిచే బాట ఒకప్పుడు తెలుగు ఇంటిలోనూ అదే పని చేసేవి. కుళాయి వచ్చి, మర వచ్చి, బండి వచ్చి ఆ శ్రమను తీసివేసినవి. ఆ సౌకర్యాలను ఎవరూ వదులుకోనక్కరలేదు. ఆడవారి నడుములు విరిచిన ఆ చాకిరీ తిరిగి రావాలని కోరడం న్యాయం కూడ కాదు. అయితే జీవితం తనంతట తాను ఇచ్చిన మెట్లను నేటి మనిషి తానే వెదకి ఎక్కవలసి ఉన్నది. బడిగంట కొట్టిన తరువాత ఇంటికి పోయే దారి ఉన్నది. ఆ దారిన నడవడానికి కాళ్ళున్నవి. నిన్న నడిచినది నిన్నటితో సరి. నేటి నడక ఇంకా మిగిలే ఉన్నది.